అట్టలు తిప్పే అమ్మాయి

హెస్టర్ బెల్లింజర్‌ని నవ్విస్తానని పందెం కాసింది నేనే. ఆ తర్వాత నా బతుకులో జరిగినదానికంతటికీ ఆ పందెమే మూలం. కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

మా గ్విలిమ్ మామయ్య బూట్ల దుకాణం మెయిన్ వీధిలో ఉంది. ఎదురుగా ఉన్న టోపీల దుకాణం 1917 వేసవిలో మూతపడింది. సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున నేను మా కిటికీ తెర ఎత్తేసరికి, ఎదుటి ఖాళీ దుకాణం అద్దాల వెనక టోపీల బదులు ఒక అమ్మాయి నిలబడి ఉంది. తెల్ల గౌను, భుజం మీదుగా పసుపు పట్టీ. పక్కన ఒక చెక్క చట్రం మీద పెద్ద పెద్ద అట్టలు. వీధిలో జనం చదివేదాకా ఆగి, ఒక్కో అట్టా తిప్పుతోంది.

"స్త్రీలు పన్ను కడుతున్నారు."

"స్త్రీలు మిల్లుల్లో పనిచేస్తున్నారు."

"స్త్రీలు యుద్ధానికి కొడుకుల్ని పంపుతున్నారు."

"నవంబరులో మీ ఓటుతో మాకూ ఓటు ఇవ్వండి."

ఆడవాళ్లు వీధిలో ఉపన్యాసాలు ఇవ్వకూడదని మా ఊరి పెద్దలు తీర్మానించారు. నోరు తెరవద్దన్నారు గానీ అట్టలు తిప్పద్దని ఎవరూ అనలేదు కదా. న్యూయార్క్ రాష్ట్రంలో ఆడవాళ్లు అప్పుడు చాలాచోట్ల ఇదే ఎత్తు వేశారు. దానికి ఒక నియమం ఉంది. కిటికీలో నిలబడ్డ మనిషి మాట్లాడకూడదు, నవ్వకూడదు. బయట జనం కోతుల్లా గెంతినా ఉలకకూడదు, పలకకూడదు.

ఇంకేం, ఊళ్లో పనిలేని కుర్రాళ్లందరికీ పని దొరికింది. మంగలి రూఫస్ వెక్కిరించి చూశాడు. ఆమె కనురెప్ప కూడా కదపలేదు.

"నీవల్ల కాదురా, నేను నవ్విస్తా చూడు" అన్నాను.

"నవ్విస్తే మా అమ్మ చేత యాపిల్ పై రొట్టె చేయించి తెస్తా" అన్నాడు రూఫస్.

నేను రెండు చేతులకీ బూట్లు తొడిగి, మా కిటికీ గట్టు మీద వాటితో నాట్యం చేయించాను. జనం పగలబడి నవ్వారు. ఆమె నన్ను దీపస్తంభాన్ని చూసినట్టు చూసింది. నాకు ఒళ్లు మండింది. అప్పుడు కనిపించింది, ఆమె కుడి బూటు మడమ ఒకపక్కగా అరిగిపోయి ఉంది. బూట్ల పెట్టె మూత మీద పెద్ద అక్షరాలతో రాసి మా కిటికీలో పెట్టాను.

"అమ్మాయిగారి కుడి మడమ అరిగింది. ఓటు వచ్చేలోపు పడిపోతారు."

ఆమె నవ్వలేదు. కానీ ఒక్క క్షణం కిందికి, తన బూటు వైపు చూసింది. అది చాలు, ఆ రోజంతా నేను గాల్లో తేలాను.

సాయంత్రం అట్టలు సర్దేశాక ఆమె వీధి దాటి తిన్నగా మా దుకాణంలోకి వచ్చింది. కుడి బూటు విప్పి కౌంటరు మీద టక్కున పెట్టింది.

"మడమ వేయండి."

"అయితే నోరుందన్నమాట."

"ఉంది. మీలా పొద్దస్తమానం వాడను."

వెనక గదిలో మామయ్య దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

"వెల్ష్ వాళ్లా మీరు?" అందామె, నా మాట తీరు విని.

"పుట్టింది వేల్స్‌లో. పాలపళ్లు ఊడింది మాత్రం ఈ ఊళ్లోనే."

"ఓటుందా?"

"మొన్ననే ఇరవై ఒకటి నిండింది. నవంబరులో నా మొదటి ఓటు."

"ఎటు వేస్తారు?"

"మీరు ఒక్కసారి నవ్వండి, మీకే వేస్తాను."

"నవ్వు చూసి ఓటేసేవాళ్ల వల్లే ఈ దేశం ఇలా ఏడ్చింది. నేను వాదించి తీసుకుంటాను."

"ఎంతసేపు వాదిస్తారు?"

"అది మీ బుర్రని బట్టి ఉంటుంది."

చాలాసేపే పట్టింది. ఆమె ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో స్టూలు మీద కూర్చుని వాదించింది. నేను ప్రతిదానికీ "అబ్బే, నాకు అర్థం కాలేదు" అన్నాను. అర్థమైందంటే లేచి వెళ్లిపోతుందని నా భయం. మడమ ఎప్పుడో వేసేశాను, మళ్లీ ఊడగొట్టి వేశాను.

ఆ తర్వాతి శనివారం కుండపోత వాన. టోపీల దుకాణం కప్పు కారి అట్టల మీద అక్షరాలన్నీ చెదిరిపోయాయి. కిటికీ వెనక ఆమె మొహం చూడలేకపోయాను. బూటు పాలిష్ డబ్బా, బ్రష్షు పట్టుకుని పరిగెత్తాను. నా జుట్టులోంచి నీళ్లు అట్టల మీద పడకుండా ఆమె తన చేతిరుమాలు నా నెత్తిన పడేసింది. ఇద్దరం నేలమీద కూర్చుని అక్షరాలన్నీ పాలిష్‌తో మళ్లీ దిద్దాం. మధ్యలో ఒకసారి తలెత్తాను. ఆమె నన్నే చూస్తోంది. చూడనట్టు గబుక్కున ముక్కు గోక్కుంది. ముక్కు మీద నల్లగా మచ్చ పడింది.

నేను చెప్పలేదు. చెప్పాల్సింది, ఒప్పుకుంటాను. కానీ ఆ మచ్చతో ఆమె ఎంత బావుందో మీరు చూడలేదు. సాయంత్రం దాకా అలాగే గంభీరంగా నిలబడి అట్టలు తిప్పింది. వీధంతా నవ్వులే.

"ఎమ్రిస్ ప్రోబర్ట్!" అని దుకాణంలోకి వచ్చింది సాయంత్రం. "నువ్వు మనిషివేనా?"

అప్పటిదాకా 'మీరు'. కోపంలో 'నువ్వు'లోకి దిగింది. మళ్లీ ఎక్కలేదు. నేనూ ఎక్కనివ్వలేదు.

ఆమె తండ్రి బెల్లింజర్ గారు బొగ్గు వ్యాపారి. ఇద్దరు మనుషులంత మనిషి. ఆడవాళ్ల ఓటంటే గిట్టదని ఊరందరికీ చెప్పేవాడు. ఒకరోజు బూట్లకని వచ్చి, నేను కాలు కొలుస్తుంటే మొదలుపెట్టాడు.

"ఆడదానికి ఓటిస్తే ఏమవుతుంది అబ్బాయ్? తిన్నగా మొగుడి జేబులోకి పోతుంది. ఉత్త దండగ."

"మీ అమ్మాయి మీ మాట వింటుందా సార్?"

ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు. "బూటు బిగుతుగా ఉంది" అన్నాడు.

ఎన్నికల రోజు వచ్చింది. నేను ఆదివారం ప్రార్థనకి వేసుకునే కోటు వేసుకుని, గుండీకి వాళ్ల పసుపు రిబ్బను గుచ్చుకుని బయల్దేరాను. పోలింగు గది బయట, చట్టం చెప్పినంత దూరంలో, హెస్టరూ ఆమె స్నేహితురాళ్లూ కాఫీ కెటిల్‌తో నిలబడి ఉన్నారు.

"ఎటు వేస్తున్నావు?" అంది.

"ఇంకా అర్థం కాలేదు" అన్నాను. పసుపు రిబ్బను చూసి మొహం తిప్పుకుంది, పెదవి కొరుక్కుంటూ.

లోపల బల్ల వెనక కళ్లజోడు పెద్దమనిషి నా పేరు చూసి అడిగాడు, "ఎక్కడ పుట్టావు?"

"వేల్స్‌లో."

"మీ నాన్న ఇక్కడ పౌరుడయ్యాడా?"

"మా నాన్న అక్కడే పలకరాతి గనిలో పోయాడు. అమ్మ కూడా లేదు. మా మామయ్య నన్ను తెచ్చుకుని పెంచాడు. ఆయన పౌరుడే."

"మామయ్య కాగితాలు మామయ్యకే బాబూ. తండ్రి పౌరుడైతే కొడుక్కి వచ్చేది."

"అంటే నేను?"

"బ్రిటిష్ రాజుగారి మనిషివి. తర్వాతి వాళ్లు రండి."

మా వీధిలో మామయ్యలూ చిన్నాన్నలూ పెంచిన పిల్లలందరం ఇదే పొరపాటులో ఉన్నాం. పెంచినవాడు అమెరికా వాడైతే మనమూ అంతే అనుకున్నాం. ఎవరూ అడగలేదు, మేమూ చూసుకోలేదు. బడిలో రోజూ జెండాకి వందనం చేసిన కుర్రాణ్ణి, రాజుగారి మొహమైనా తెలియని వాణ్ణి, కాళ్లీడ్చుకుంటూ బయటికొచ్చాను.

"వేశావా?" అంది హెస్టర్, నాకు కాఫీ పోస్తూ.

"లేదు."

"ఎందుకు?"

"నాకు ఓటు లేదట."

"ఏంటీ?"

"మామయ్య పౌరుడైతే మేనల్లుడు అవడట. నేను పరదేశినట. నీ సంగతే నాదీను."

ఆమె నన్ను చూసింది. పసుపు రిబ్బను చూసింది. కోటు చూసింది. ఆ తర్వాత నవ్వింది. చిరునవ్వు కాదు. పొట్ట పట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారేలా, పక్కనున్న స్నేహితురాలి భుజం మీద వాలిపోయి నవ్వింది. "అట్టలేమైనా అరువు కావాలా?" అంది మధ్యలో ఊపిరి తీసుకుని. ఇన్ని వారాలు నేను పిల్లిమొగ్గలు వేసినా రాని నవ్వు, నాకు ఓటు లేదనగానే వచ్చింది. ఆ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. ఈ అమ్మాయి లేకుండా నేను బతకలేనని సరిగ్గా అప్పుడే తెలిసింది.

ఉన్నట్టుండి ఆమె నవ్వు ఆగిపోయింది. మొహం పాలిపోయింది.

"ఎమ్రిస్, నిజంగానే నువ్వు పౌరుడివి కాదా?"

"కాదంటున్నా కదా."

"సరే, ఇంటికి వెళ్లు" అంది నెమ్మదిగా. నాకేమీ అర్థం కాలేదు.

మర్నాటికి ఆడవాళ్లు గెలిచారు. న్యూయార్క్ రాష్ట్రంలో స్త్రీలకి ఓటొచ్చింది. ఊళ్లో గంటలు మోగాయి, బ్యాండు మోగింది. రూఫస్ మాట ప్రకారం యాపిల్ పై తెచ్చాడు. ఆ ఆదివారం నది వంతెన మీద నేను హెస్టర్‌ని అడిగేశాను.

"నన్ను పెళ్లి చేసుకుంటావా?"

"ఇప్పుడు చేసుకోలేను."

"ఎందుకు?"

"నువ్వు పరదేశివి గనక. ఎమ్రిస్, కాస్త విను..."

నేను వినలేదు. పరదేశివి అన్న ఆ ఒక్క మాటే చెవిలో గిర్రున తిరిగింది. బొగ్గు వ్యాపారి కూతురు, ఎక్కణ్ణుంచో వచ్చిన బూట్లవాడు. ఓటు కోసం నేను పనికొచ్చాను, ఓటొచ్చాక పరదేశినయ్యాను. వెనక్కి చూడకుండా వచ్చేశాను. చాలా ఏడుపొచ్చింది, ఎవరికీ చెప్పకండి.

వారమంతా మా దుకాణం కిటికీ తెర ఎత్తలేదు.

"ఒరే, తెర దించేస్తే గిరాకీ ఎలా వస్తుందిరా?" అన్నాడు మామయ్య శనివారం.

"రాకపోతే పీడా పోయింది."

"ఆ పీడేదో ఎదురుగానే నిలబడి ఉంది. చూసుకో."

తెర కొంచెం పక్కకి జరిపాను. ప్రచారం అయిపోయింది, ఓటు వచ్చేసింది. అయినా హెస్టర్ ఆ కిటికీలో తెల్ల గౌనుతో, పసుపు పట్టీతో నిలబడి ఉంది. ఇంకా ఏం కావాలో ఈ పిల్లకి అని జనం మూగారు. ఆమె సరాసరి మా దుకాణం వైపే చూస్తూ మొదటి అట్ట పెట్టింది.

"ఎమ్రిస్ ప్రోబర్ట్ పూర్తిగా వినకుండా వెళ్లిపోయాడు."

జనమంతా ఒక్కసారి మా కిటికీ వైపు తిరిగారు. నేను తెర వెనక కుంచించుకుపోయాను.

"మన చట్టం ఏమంటుందంటే,"

"అమెరికా స్త్రీ పరదేశిని పెళ్లాడితే"

"ఆ రోజు నుంచి ఆమె కూడా పరదేశి."

"పరదేశికి ఓటు లేదు."

వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. "అంత అన్యాయమా?" అందో ముసలావిడ. "మా చెల్లెలికి అలాగే పోయింది, పోలిష్ వాణ్ణి చేసుకుని" అందింకొకామె. గుంపు వెనక బెల్లింజర్ గారు టోపీ చేత్తో పట్టుకుని చదువుతున్నాడు. ఆడదాని ఓటు మొగుడి జేబులోకి పోతుందని ఆయన వేళాకోళానికి అన్నాడు. ఇక్కడ ఓటే కాదు, దేశం కూడా పోతోంది.

హెస్టర్ తర్వాతి అట్ట తిప్పింది.

"నాకు ఓటు కావాలి."

"నాకు అతనూ కావాలి."

"రెండిట్లో దేన్నీ వదలను."

బూటు ఒక కాలికే ఉందని కూడా చూసుకోకుండా వీధి దాటాను. అద్దానికి ఇవతల నేను, అవతల ఆమె.

"ముందే చెప్పొచ్చు కదా" అన్నాను.

ఆమె పలకలేదు. నియమం కదా. కళ్లు మాత్రం నిండిపోయి ఉన్నాయి.

"హెస్టర్, నేను పౌరుణ్ణవుతాను. అయ్యేదాకా ఆగుతావా?"

అట్టలన్నీ అయిపోయాయి. చుట్టూ చూసింది. చివరికి పాత కట్టలోంచి ఒకటి లాగి పెట్టింది. "మేము ఎంతకాలమైనా ఆగుతాం. వెనక్కి తగ్గం." జనం చప్పట్లు కొట్టారు. బెల్లింజర్ గారు కొట్టలేదు గానీ, అక్కణ్ణుంచి కదలనూ లేదు.

సోమవారమే కోర్టుకెళ్లి పౌరసత్వం కోసం మొదటి కాగితం పెట్టాను. రెండేళ్లు ఆగితే గానీ రెండో కాగితం ఇవ్వరన్నారు. రెండేళ్లు. నేనూ హెస్టరూ దుకాణంలో స్టూళ్ల మీద కూర్చుని, పెళ్లయ్యాక ఎవరు ఎవరి మాట వినాలన్న విషయం మీద చలికాలమంతా వాదించుకున్నాం.

వసంతంలో కొత్త చట్టం వచ్చింది. సైన్యంలో చేరిన పరదేశి ఆగనక్కర్లేదు, వెంటనే పౌరుడు కావచ్చు. రూఫస్ అప్పటికే యుద్ధానికి వెళ్లిపోయాడు. మా చర్చి గాయకుల్లో సగంమంది లేరు. సైన్యం జాబితా రాసిన జూన్ నాటికి ఇరవై ఒకటి నిండలేదని నన్ను మాత్రం పిలవలేదు. ఒక పొద్దున వెళ్లి నేనే పేరిచ్చి వచ్చాను.

హెస్టర్ విని కూర్చుండిపోయింది.

"నా ఓటు కోసం నిన్ను యుద్ధానికి తోశానంటారు ఊళ్లో."

"ఊరు అనేదానికి నువ్వెప్పుడు భయపడ్డావు?"

"ఊరంటే కాదు. నీకేమైనా అయితే ఈ ఓటు పెట్టుకుని నేనేం చేసుకోను? నాకు భయంగా ఉంది ఎమ్రిస్."

"నాకూ భయంగానే ఉంది. కానీ ఇది ఒక్క నీకోసమే కాదు. రూఫస్ వెళ్లాడు. నేను మామయ్య కౌంటరు వెనక దాక్కుని పౌరుణ్ణయితే, రేపు వాడి మొహం ఎలా చూడను?"

ఆమె నా కోటు గుండీ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

యుద్ధంలో నా పరాక్రమం గురించి ఎక్కువ చెప్పను. శిబిరంలో మా కెప్టెను నా వివరాలు చూసి, "బూట్లవాడివా? దేవుడు పంపినట్టే వచ్చావు" అన్నాడు. దేశం నలుమూలల నుంచి వచ్చిన కుర్రాళ్లకి బూట్లు సరిపడక కాళ్లు బొబ్బలెక్కిపోయాయి. నేను కాళ్లు కొలుస్తూ కూర్చున్నాను. శత్రువు మొహం చూడలేదు, బొబ్బలు మాత్రం లెక్కలేనన్ని చూశాను.

జూలైలో ఒక పొలంలో మమ్మల్నందరినీ నిలబెట్టారు. జడ్జిగారు బండెక్కి ప్రమాణం చదివారు. నా పక్కన ఒక గ్రీకు కుర్రాడు, ఇంగ్లీషు ఇంకా రానివాడు, నన్ను పొడిచాడు.

"ఏమంటున్నాడు?"

"అవునను."

"దేనికి?"

"అన్నిటికీ."

అలా ఇద్దరం అమెరికా వాళ్లమయ్యాం. ఆ మాట హెస్టర్‌కి ఉత్తరంలో రాయలేదు. కిటికీలో చెప్పాలని దాచుకున్నాను. శిబిరంలో బూట్లవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో ఎన్నికలకి గానీ సెలవు దొరకలేదు. శనివారం పొద్దున రైలు దిగాను. టోపీల దుకాణం ఇంకా ఖాళీగానే ఉంది. తాళం ఎవరి దగ్గరుందని అడిగితే, బెల్లింజర్ గారి దగ్గరన్నారు.

"ఆ భవనం మీదా సార్?" అన్నాను నోరు తెరిచి.

"మరెవరిదనుకున్నావు? వీధిలోకి కిటికీ ఊరికే ఎవడిస్తాడు?"

"మీకు ఆడవాళ్ల ఓటంటే గిట్టదు కదా."

"గిట్టదు. మా అమ్మాయి అంటే గిట్టదని చెప్పానా?" తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నా సైనికుల కోటు భుజం మీద లేని దుమ్ము దులిపాడు. "వెళ్లు బాబూ. అది తొందరగా జవాబు చెప్పకపోతే అలాగే నిలబడు. నీకు అలవాటు లేదు గానీ, మాట్లాడకు."

శనివారాల్లో హెస్టర్ మామయ్యకి సాయంగా మా దుకాణంలో ఉంటోంది. ఎదుటి కిటికీ తెర నేను ఎత్తేసరికి ఎవరికో బూటు తొడుగుతోంది. తలెత్తింది. బూటు చేతిలోంచి జారిపోయింది. నేను మొదటి అట్ట పెట్టాను.

"ఎమ్రిస్ ప్రోబర్ట్ అమెరికా పౌరుడు."

"చట్టం ఇక ఏమీ అనలేదు."

"నీ ఓటు నీ దగ్గరే ఉంటుంది."

"ఇప్పుడు చెప్పు."

నేను బిగుసుకుని నిలబడ్డాను. జనం మూగారు. ఎదురుగా హెస్టర్ కళ్లు తుడుచుకుంది. అట్ట కోసం వెతుకుతుందనుకున్నాను. వెతకలేదు. రెండు చేతులకీ రెండు బూట్లు తొడిగి, మా కిటికీ గట్టు మీద వాటితో నాట్యం మొదలుపెట్టింది. వాటిల్లో కుడి బూటు కింద పడి, లేచి, మోకాలు వంచినట్టు వంగి తల ఊపింది. అవును, అవును, అవును.

నేను నవ్వేశాను. ఏడ్చేశాను కూడా.

ఆమె వీధి దాటి లోపలికొచ్చింది. చేతులకి బూట్లు ఇంకా ఉన్నాయి.

"నియమం తప్పావు" అంది. "నేనైతే రెండు నెలలు నిలబడ్డాను."

"ఓడిపోయాను. ఏం కావాలో అడుగు."

"మంగళవారం దాకా ఆగు. ముందు ఓటు, తర్వాత పెళ్లి. ఈ చట్టాలని నేను నమ్మను."

మంగళవారం పొద్దున ఇద్దరం ఒకే వరసలో నిలబడ్డాం. బల్ల వెనక అదే కళ్లజోడు పెద్దమనిషి. నన్ను చూసి, "మళ్లీ మామయ్య కాగితాలేనా?" అన్నాడు. నావి నేను చూపించాను. మధ్యాహ్నం మా వెల్ష్ చర్చిలో పెళ్లయింది. మామయ్య పాడాడు, బెల్లింజర్ గారు అందరికంటే గట్టిగా ముక్కు చీదాడు.

చర్చి మెట్లు దిగుతుంటే మావగారు నన్ను పక్కకి లాగాడు.

"ఇంతకీ మా అమ్మాయి ఎవరికి వేసింది ఓటు?"

"అడిగాను సార్. చెప్పలేదు."

"నువ్వు మొగుడివి కదయ్యా."

"ఆ మాటా అన్నాను. నవ్వింది."

ఆయనకి మనవలు పుట్టారు, నాకు జుట్టు ఊడింది. ప్రతి ఎన్నికకీ అడుగుతూనే ఉన్నాను. ఆ ఓటు నా జేబులోకి ఏనాడూ రాలేదు. హెస్టర్ ఇప్పటికీ చెప్పలేదు.